లెక్కల టీచరు కుట్టిన బొంత

అమ్మకి బొంత అన్న మాటే గిట్టదు. పోయిన ఏప్రిల్లో ఇనప్పెట్టె తెరిచి ఆవిడ పాత నేత చీరలన్నీ మంచం మీద పరిచాను. గుమ్మంలో నిలబడి చూసి, "చూసేవాళ్ళు ఏమనుకుంటారే? దుప్పట్లు కొనుక్కోలేక గుడ్డముక్కలు అతికించుకుంటున్నారనుకోరూ?" అంది. మా చిన్నప్పుడు బందర్లో మా ఇంటినిండా బొంతలే. చంటిపిల్లల కింద వేసేవారు, ఇస్త్రీ చేసేటప్పుడు బల్ల మీద పరిచేవారు, వానాకాలం తలుపుల కింద నుంచి నీళ్ళు రాకుండా కుక్కేవారు. అమ్మ దృష్టిలో బొంత చాకిరీ చేసే వస్తువు. నలుగురికీ చూపించుకునేది కాదు.

"ఇది బొంత కాదమ్మా, క్విల్టు" అన్నాను.

"గంతకు తగ్గ బొంతని, నీ మిషనుకి తగ్గ క్విల్టు" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను విజయవాడలో హైస్కూలు లెక్కల టీచర్ని. అంతకు ముందు ఏడాదిగా రాత్రిళ్ళు ఫోన్లో క్విల్టింగ్ వీడియోలు చూస్తూ పడుకునేదాన్ని. చతురస్రాలు, త్రిభుజాలు, పావంగుళం కుట్టు. ఇదంతా నా సబ్జెక్టే కదా, నాకు రాకపోవడమేమిటి అనుకున్నాను. పిజ్జా కోసే చక్రంలాంటి కత్తి, దాని కింద వేసుకునే చాప, గళ్ళు గీసిన ప్లాస్టిక్ స్కేలు తెప్పించుకున్నాను. గదిలో అటక కింద అత్తగారి కాలు మిషను ఎలాగూ ఉంది. వేసవి సెలవుల్లో మొదలుపెట్టి బడి తెరిచేలోపు ముగించాలని పథకం.

ముందు చీరల సంగతి చెబుతాను. నాకు అన్నిటికంటే నచ్చిన పని అదే. చీర అంతా ఒకేలా అరగదు. కుచ్చిళ్ళ కింది అంచు మడమల రాపిడికి నలిగిపోతుంది. కొంగు ఎండకి వెలిసిపోతుంది. కూర్చునే చోట పోగులు పల్చబడి, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే జల్లెడలా కనిపిస్తుంది. లోపల దోపుకునే మొదటి చుట్టు మాత్రం కొన్ననాటి రంగులోనే ఉంటుంది. ఒక్క ఆకుపచ్చ మంగళగిరి చీరలోంచే నాకు మూడు పచ్చలు దొరికాయి. వెంకటగిరి చీర మీద ఎంతో ఆశ పెట్టుకున్నాను గానీ, ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉండిపోయిందేమో, విప్పుతుంటేనే మడత వెంబడి పీలికలైంది. అప్పట్నుంచి కత్తెర పెట్టేముందు రెండు బొటనవేళ్ళతో గుడ్డని లాగి చూడడం అలవాటు చేసుకున్నాను. చర్రుమంటే పక్కన పెట్టేయడమే.

ఎర్ర చీర ఒకటి నా కొంప ముంచింది. రాళ్ళ ఉప్పు వేసిన నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని అందరూ అంటారు. నానబెట్టాను. దాంతోపాటు అదే బకెట్లో మీగడ రంగు చీర కూడా వేశాను, బుద్ధి లేక. పొద్దున చూస్తే రెండోది లేత గులాబీ. ఏ రంగుకైనా ఉప్పే మందు కాదని తెలియడానికి ఒక చీర ఖర్చయింది. తడిపిన తెల్ల గుడ్డతో చీర మూల గట్టిగా రుద్దితే చాలు, రంగు పోయేదో కాదో అప్పుడే తేలిపోతుంది. నాకెవరూ చెప్పలేదు.

ఇక లెక్క. బొంత కొలత 60 అంగుళాలకి 78. కుట్టాక ఆరంగుళాలు తేలే చతురస్రాలు అడ్డంగా పది, నిలువుగా పదమూడు, మొత్తం 130. ప్రతి ముక్కా అన్నివైపులా పావంగుళం కుట్టుకి వదిలి ఆరున్నర అంగుళాలకి కోయాలి. పది ముక్కలు కలిపితే వరస సరిగ్గా అరవైన్నర రావాలి. బోర్డు మీద వేస్తే ఏడో తరగతి పిల్లలు చేసేస్తారు.

మొదటి వరస 59 అంగుళాల పైన కొంచెం వచ్చింది. రెండోది అరవైన్నర. మూడోది 61 దాటింది!

మొదటిది ఎందుకు తగ్గిందో అర్థం కావడానికి ఒక పూట పట్టింది. నా మిషను పాదం అంచు నుంచి సూదికి దూరం పావంగుళం కంటే నూలుపోగంత ఎక్కువ. అంగుళంలో పదహారో వంతు తేడా ఎంతలే అనిపిస్తుంది. కానీ ఒక్కో కుట్టు దగ్గర రెండు ముక్కల్లోనూ అంతంత పోతుంది, వరసకి తొమ్మిది కుట్లు. కలిపితే అంగుళం దాటిపోయింది. పిల్లలకి ఇరవై రెండేళ్ళుగా "చిన్న తప్పు గుణిస్తే పెద్దదవుతుంది" అని చెబుతున్నదాన్ని.

మూడోది పెరగడానికి కారణం వేరు, దానికి నా దగ్గర సూత్రం లేదు. పాత నేత చీరలో పడుగు, పేక వదులైపోయి ఉంటాయి. కొంచెం ఐమూలగా పట్టుకుని లాగితే చతురస్రం కాస్తా వాలిపోయి గాలిపటమైపోతుంది. వీడియోల్లో వాళ్ళు వాడేది బిగువుగా ఉండే కొత్త మిల్లు గుడ్డ. నాది ముప్పై ఏళ్ళు ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డ. మిషను పళ్ళు కింది ముక్కని ముందుకి లాగుతుంటే పైది వెనకబడుతోంది. గంజి పెట్టి చూశాను, కొంత నయం. మొండిపట్టు మీద పదమూడు వరసలూ కుట్టి, అయిదింటిని కలిపి నేల మీద పరిస్తే మధ్యలో అలలు. చేత్తో ఒకచోట అదిమితే ఇంకోచోట లేస్తోంది.

బడి తెరిచారు. ఆ అలల గుడ్డ మూటకట్టి అటక మీదికి చేరింది. మా ఆయన ఒక్కసారి కూడా అడగలేదు, అది ఆయన మంచితనం.

ఆగస్టులో ఒక ఆదివారం వీధిలో "బొంతలు కుడతామమ్మా, బొంతలూ" అని కేక వినిపించింది. మా వీధికి ఆ కేక వచ్చి ఎన్నేళ్ళయిందో. పిలిచాను. అరవై ఏళ్ళుంటాయి, నెత్తిన చిన్న మూట, చెవి వెనక సూది. అలల గుడ్డ తెచ్చి వరండాలో పరిచి, "దీన్ని బొంత చేస్తావా పెద్దమ్మా?" అన్నాను. ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగి, కాలి బొటనవేలితో ఒక అలని నొక్కి చూసింది.

"ముందే కుట్టేస్తే ఎలాగమ్మా? ఇంక బొంత ఎటు కదులుద్ది?"

ఆ మాట నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ చేతలు చూశాక అర్థమైంది. ఎదురింటివాళ్ళు తమ చీరలిచ్చి బొంత కుట్టమన్నారు. రెండు రోజులు, బడి నుంచి రాగానే వాళ్ళ వరండాలోనే కూర్చున్నాను. అడుగున ఒక చీర రెండు ముక్కలుగా చేసి కలిపి పరిచింది. దాని మీద ఇంకో రెండు పొరలు. నాలుగు మూలలా బరువులకి రెండు ఇటుకలు, ఒక రోలు, ఒక బియ్యం డబ్బా. స్కేలు లేదు, చాక్‌పీస్ లేదు. తర్వాత ఒక మూల నుంచి అంచు లోపలికి మడిచి, పైముక్క పెట్టి కుట్టడం మొదలు. తెల్ల నూలు దారం రెండు పేటలు, బారెడు పొడవు మాత్రమే, కొవ్వొత్తి ముక్కకి ఒకసారి రుద్ది. సూదిని పొడిచి తీయదు. ఎడమచేత్తో గుడ్డని పైకీ కిందకీ ఆడిస్తూ నాలుగైదు టాకాలు సూది మీదికి ఎక్కించి, ఒక్కసారి లాగుతుంది. సర్రుమని చప్పుడు. ప్రతి లాగుడు తర్వాత కుడి అరచేత్తో గుడ్డని లోపలివైపు ఒకసారి నెడుతుంది. నేను చదివిన పద్ధతి ప్రకారం మధ్యలో మొదలుపెట్టి బయటికి రావాలి. ఈవిడ అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ లోపలికి వెళుతోంది. వెళుతున్నకొద్దీ పైముక్కల్ని, అంచులు మడిచి, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి పెడుతోంది. వదులు ఎక్కడున్నా ముందుకి, ఇంకా కుట్టని చోటికి జరిగిపోతుంది. ఆఖరికి నడిమధ్యన మిగిలిన ఖాళీ ఎంతుంటే అంత ముక్క కోసి మూసేసింది.

పైభాగం ముందే పూర్తిగా కలిపేస్తే వదులుకి జరగడానికి చోటుండదు. అదే ఆవిడ అన్నది. నేను మాత్రం చేసిందేమిటి, తప్పుని నూటముప్పై ముక్కల్లో బిగించి తాళం వేశాను.

నా కత్తి చక్రం చూపిస్తే ఆవిడ చాప మీద రెండుసార్లు తోసి చూసింది. "ఇది బాగుంది, ఎంత?" అంది. ధర చెబితే నవ్వి ఇచ్చేసింది. నా బొంత కూడా కుట్టమని ఆవిడకే ఇచ్చేద్దామా అనిపించింది గానీ, మీగడ రంగు చీరని గులాబీ చేసినదాన్ని, ఇంకో తప్పు చేస్తే చేస్తానులే అనుకుని నేనే కుడతానన్నాను. చూపించినందుకు డబ్బిస్తే తీసుకోనంది. అమ్మ పెట్టిన కాఫీ తాగి, రెండు పాత చీరలు తీసుకుంది. అమ్మే ఇచ్చింది, ఇనప్పెట్టెలోంచి, నేను అడిగితే ఇవ్వని చీరలు.

కుట్లు విప్పడానికి పదిహేను రాత్రులు. వరసల్లోనే 117 కుట్లు, కలిపిన వరసలవి అదనం. సీరియల్ చూస్తూ విప్పేదాన్ని.

మళ్ళీ మొదలుపెట్టే ముందు, అలవాటు ఊరుకోదు కదా, లెక్క వేశాను. 60ని 78తో గుణించి, కుట్టు వరసల మధ్య ముప్పావంగుళం కాబట్టి ముప్పావుతో భాగిస్తే 6,240 అంగుళాలు, అంటే దాదాపు 158 మీటర్ల చేతికుట్టు. మా వీధి ఈ చివర నుంచి ఆ చివరికి అంతుండదు. వేలికి తొడిగే ఇనుప టోపీ పెట్టుకున్నా నా మధ్యవేలు కాయకాసింది. మొదటి చుట్టులో టాకాలు ఒకటి బియ్యపుగింజంత, ఇంకొకటి చింతగింజంత. నాలుగో చుట్టుకి కాస్త దారికొచ్చాయి. విప్పి సరిచేయలేదు. బొంత అంచులో మొదలుపెట్టి లోపలికి చూస్తూ పోతే నా చెయ్యి ఎప్పుడు కుదురుకుందో కనిపిస్తుంది.

ఆ నెలల్లో చదివినవి కొన్ని ఉన్నాయి. కర్ణాటకలో ఎల్లాపుర, హళియాళ వైపు సిద్ది స్త్రీలు (ఆఫ్రికా మూలాలున్నవాళ్ళు) కుట్టే కవంది అనే బొంత కూడా ఇలాగే అంచు నుంచి లోపలికి వెళుతుంది. చివర నాలుగు మూలలకీ మడిచిన చిన్న గుడ్డ పువ్వులు కుడతారు, అవి లేకపోతే కవంది బోసిగా ఉన్నట్టేనట. నేనూ నా బొంతకి నాలుగు కుట్టాను. ఇంకోటి మా ఊరి గొప్ప. ఒకప్పుడు యూరపు వాళ్ళు మురిసిపోయి క్విల్టుల్లో అతికించుకున్న అద్దకం గుడ్డల్లో మా బందరు తీరం నుంచి ఓడలెక్కినవీ ఉన్నాయి. తమ నేతగాళ్ళు గోల పెడితే ఇంగ్లండులో 1721లో చట్టం చేసి అలాంటి అచ్చు నూలు గుడ్డలు కట్టుకోవడం, ఇంట్లో పక్కలకీ తెరలకీ వాడడం నిషేధించారు. ఇది చెబితే అమ్మ కొంచెం సంతోషించింది. ఉత్సాహపడి అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లె సంగతి కూడా ఎత్తాను. అక్కడి నల్లజాతి స్త్రీలు అరిగిపోయిన పని బట్టలతో కుట్టుకున్న బొంతలు 2002లో పెద్ద మ్యూజియంలో గోడలకెక్కాయి, 2006లో తపాలా బిళ్ళల మీద వేశారు అన్నాను.

"గోడకి తగిలిస్తే కప్పుకునేదేమిటి?" అంది అమ్మ.

బొంత నడిమధ్యకి వచ్చేసరికి జనవరి. చివరి ఖాళీ చతురస్రం కాదు, దీర్ఘచతురస్రం కూడా కాదు. నాలుగు భుజాలూ నాలుగు రకాలు. ఆ గులాబీ అయిపోయిన మీగడ రంగు చీరలోంచి ముక్క కోసి, అంచులు గోటితో మడుస్తూ అందులో కూర్చోబెట్టాను. బొంత మొత్తంలో స్కేలు పెట్టకుండా కోసిన మొదటి ముక్క అదే, ముడత ఒక్కటి లేకుండా కూర్చుంది. కొంచెం కోపం కూడా వచ్చింది.

మొదటిసారి ఉతికినప్పుడు చల్లటి నీళ్ళలో ముంచి, ఒక్కదాన్నే పిండలేక మా ఆయన్ని పిలిచి డాబా మీద ఇద్దరం చెరో కొసా పట్టుకుని మెలిపెట్టాం. ఆరాక కొంచెం ముడుచుకుని, టాకాల మధ్య గుడ్డ చిన్నచిన్నగా ఉబ్బింది. ఆ ఉబ్బే బొంతకి అందం. దివాన్ మీద మడిచి పెట్టాను, ఎవరొచ్చినా కనబడేలా.

సంక్రాంతికి అక్కా వాళ్ళొచ్చారు. వాళ్ళబ్బాయి హైదరాబాదులో చదువుకుంటూ హాస్టల్లో ఉంటాడు. "పిన్నీ, ఇది నేను తీసుకుపోతా, మా రూమ్‌లో ఏసీ ఎక్కువ" అన్నాడు. కాదనలేకపోయాను. తొమ్మిది నెలల పని మడతపెట్టి బ్యాగులో కుక్కేసుకుని వెళ్ళిపోయాడు.

మొన్న వీడియో కాల్ చేశాడు, అమ్మమ్మకి చూపించమని. ఇంటర్వ్యూ ఉందట, ఫోను ఎక్కడో ఆనించి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. బల్ల మీద నాలుగు మడతలు వేసి పరిచి ఉంది నా బొంత. మంగళగిరి చీర నిజాం అంచు మీద ఇస్త్రీ పెట్టె నిలబడి ఉంది.

అమ్మ ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది. "వాడికి తెలుసే, బొంత దేనికో" అంది.