మటిల్డా మా ఇంట్లోనే ఉంటుంది, కానీ...

పిల్లల కథలు రాసిన బ్రిటిష్ రచయిత రోల్డ్ డాల్ పుస్తకాలంటే నాకు చిన్నప్పటినుంచీ ప్రాణం. పరాయి దేశం వచ్చాక మా అమ్మాయికీ నాకూ సమానంగా నచ్చినవి కూడా అవే, ఎందుకంటే నేను ఇష్టపడ్డ తెలుగు కథలు చదవడానికి తన తెలుగు చాలదు, తను చదివే కొత్త పుస్తకాలేమో నాకు పట్టవు. అందుకే ఆయన గురించి తెలిసిన సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

1983లో ఒక బ్రిటిష్ పత్రికతో మాట్లాడుతూ, యూదుల స్వభావంలోనే ఎదుటివాళ్ళకి ద్వేషం పుట్టించే గుణమేదో ఉందని, హిట్లర్ కూడా ఊరికే వాళ్ళ మీద పడలేదని అన్నాడు. నోరు జారాడు అనుకుందామంటే అదీ లేదు, 1990లో, చనిపోయిన ఏడాదే, తను యూదు వ్యతిరేకిగా మారానని తనే చెప్పుకున్నాడు. కుటుంబం 2020లో క్షమాపణ చెప్పింది.

మా అమ్మాయి ప్రాణస్నేహితురాలు యూదుల పిల్ల. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆయన రాసిన 'మటిల్డా' చదివారు.

మనవాళ్ళతో ఈ మాటెత్తితే 'రచయిత వేరు, రచన వేరు, పోయినాయన గురించి ఇప్పుడెందుకు' అంటారు. ఆ మాట తగలనివాళ్ళకి అలా అనడం తేలిక. మన సంగతే చూడండి, ఆయన రాసిన చాక్లెట్ ఫ్యాక్టరీ కథలో పాండిచ్చేరి యువరాజు ఉంటాడు కదా, చాక్లెట్‌తో కోట కట్టించుకుని, త్వరగా తినేయమన్నా వినకుండా అందులోనే ఉంటానంటే అది ఎండకి కరిగిపోతుంది. చిన్నప్పుడు నేను పడీపడీ నవ్వాను. నా చుట్టూ అందరూ నాలాంటివాళ్ళే, ఆ యువరాజు నా తరఫున నిలబడ్డాడని నాకెందుకు అనిపిస్తుంది? మా అమ్మాయి మాత్రం ఆ కథని క్లాసులో అందరూ తనవైపు చూస్తుంటే విన్నది. అదే పుస్తకం 1964లో వచ్చినప్పుడు ఫ్యాక్టరీలో పనిచేసే ఊంపా లూంపాలు ఆఫ్రికా మనుషులు. విమర్శలు వచ్చాక 1973లో మార్చారు.

2023లో ప్రచురణకర్తలు ఆయన పుస్తకాల్లో చాలా మాటలు మార్చారు, పాతవి కూడా వేరుగా అమ్ముతామన్నారు. నాకు ఆ దిద్దుబాటు నచ్చలేదు. యూదుల గురించి ఆయన పత్రికతో అన్న మాటలు ఆ పుస్తకాల్లో లేవు కదా, వాటినెలా దిద్దుతారు?

అమ్మాయికి చెప్పేముందు ఆ స్నేహితురాలి అమ్మతో మాట్లాడాను, వాళ్ళ పిల్లకి ఎప్పుడు చెప్పాలో వాళ్ళ ఇష్టం కదా. వాళ్ళకి ఎప్పుడో తెలుసట, ఆ పిల్లకి కూడా చెప్పేశారట. అప్పుడు మా అమ్మాయికి చెప్పాను, నేను చెప్పకపోతే ఎప్పుడో ఎవరో చెబుతారు, అప్పుడు అమ్మ ఎందుకు దాచిందా అనుకుంటుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత 'మరి మటిల్డా మంచిదేనా?' అని అడిగింది. మంచిదే అన్నాను, ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. ఆయన మాత్రం తప్పు చేశాడు, గట్టి తప్పు, అని కూడా చెప్పాను.

ఉన్న పుస్తకాలు ఉంచుకున్నాం, తను చదువుతూనే ఉంది. కొత్తగా ఆయనవి కొనను. ఎవరైనా బహుమతిగా ఇస్తే తీసుకుంటాం, కానీ మా చిన్నవాడు ఆ వయసుకి వచ్చాక వాడికీ ఈ సంగతి చెప్పాలి.