శనివారం తొమ్మిది

సోమవారం, రాత్రి.

పొద్దున పాలు స్టవ్ మీద పెట్టి ఫోను తీశాను. తెలుగు వికీపీడియాలో మా ఊరి వ్యాసానికి శనివారం ఎన్ని వీక్షణలు వచ్చాయో చూద్దామని. ఆ లెక్క వెంటనే రాదు, కాస్త ఆగాలి. తొమ్మిది! మామూలుగా ఒకటో రెండో ఉండే చోట తొమ్మిది. ఆ సంబరంలో పాలు పొంగిపోయాయి.

స్టవ్ తుడుస్తుంటే అనుమానం మొదలైంది. మొన్నటిదాకా ఆ వ్యాసంలో 2011 జనగణన అంకెలు తప్ప ఏమీ లేవు. ఎన్ని ఇళ్ళు, ఎంత జనాభా, కాలేజీ ఎంత దూరం, అంతే. శనివారం రాత్రి కూర్చుని చెరువు గురించి, సంత గురించి నాలుగు పేరాలు చేర్చాను. రాయడం, ప్రచురించడం, అచ్చుతప్పు కనబడడం, దిద్దడం, మళ్ళీ తెరిచి చూసుకోవడం. పడుకునేసరికి ఒంటిగంట దాటింది. అర్ధరాత్రి దాటాక చూసినవి ఆదివారం ఖాతాలో పడతాయిలే అనుకున్నాను గానీ, ఆ లెక్క గ్రీనిచ్ సమయంతో నడుస్తుంది. మనకు తెల్లవారి 5:30 అయితే గానీ అక్కడ తేదీ మారదు. పేజీ తెరిచింది రాసినవాడా చదివేవాడా అని కూడా అది చూడదు. వ్యాసం చరితంలో నా మార్పులు లెక్కపెట్టాను. ఏడు. ఇక మిగిలింది రెండు. అందులో ఒకటి నేను లింకు పంపితే తెరిచిన చెల్లిది.

అంతటితో ఊరుకోవచ్చు కదా! వీక్షణల పేజీలో మనుషులవి, సెర్చింజన్ల సాలీళ్ళవి (వాటి తరఫున పేజీలు తిరిగొచ్చే ప్రోగ్రాములవి), మిగతా యంత్రాలవి వేరువేరుగా చూసుకోవచ్చు. ఆ మూడో రకాన్ని విడదీసింది 2020లోనే. అంతకుముందు మనిషి వేషంలో వచ్చిన బాట్లు మనుషుల లెక్కలోనే కలిసిపోయేవి. సాలీళ్ళని ఎంచుకుంటే గీత ఒక్కసారిగా పైకి లేచింది. మా ఊరి మీద మా ఊరివాళ్ళ కంటే వాటికే మమకారం ఎక్కువలా ఉంది. మళ్ళీ మనుషుల లెక్కకి వచ్చాను. అది 2015 జూలై నుంచి దొరుకుతుంది, అక్కడిదాకా వెనక్కి వెళ్ళాను. గీత నేలబారుగానే పాకుతూ, జాతర జరిగే వారంలో మాత్రం చిన్న గుట్ట కట్టింది. ఆ గుట్ట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆఫీసుకి ఆలస్యం.

మధ్యాహ్నం నాన్నకి ఫోన్ చేశాను. ఇరవై ఏళ్ళు మా ఊరికి పేపరు ఏజెంటు ఆయన. “ఎంతమంది చదివార్రా?” అన్నారు. ఎంతమందో తెలీదు నాన్నా, ఎన్నిసార్లు తెరిచారో తెలుస్తుంది, అన్నాను. నా ఏడు తిప్పల సంగతి కూడా చెప్పేశాను. ఆయన పగలబడి నవ్వారు. టీకొట్టులో వేసిన ఒక్క పేపరుని షీట్లు విడదీసుకుని పాతికమంది చదివేవారట. బజ్జీల పొట్లం అయ్యాక కూడా విప్పి చదివేవాళ్ళట. అందుకే పత్రికలకు రెండు లెక్కలు. ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయో 1948లో పెట్టిన ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ తేలుస్తుంది. ఎంతమంది చదివారో తెలియాలంటే ఇళ్ళకి వెళ్ళి అడిగే రీడర్‌షిప్ సర్వే చెయ్యాలి. “నాకు ఒకటికి పాతికమంది, నీకు ఏడుకి ఒక్కడు” అన్నారు.

ఫోన్ పెట్టేసే ముందు, “అన్నట్టు చెరువుకి తూములు రెండు కాదురా, మూడు” అన్నారు. నేను రాసింది ఆయనకెలా తెలిసింది? చెల్లి శనివారం రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని మొత్తం చదివి వినిపించిందట. అమ్మ, నాన్న, ఎదురింటి బాబాయి, పిన్ని, వాళ్ళ కోడలు. తూము తప్పు పట్టింది బాబాయే. మూడోది పూడిపోయి చాలా కాలమైందట, తుప్పల్లో ఇప్పటికీ కనబడుతుందట.

ఆ తొమ్మిదోది ఎవరిదో మాత్రం తేలలేదు. ఇప్పుడు తూము దిద్దుదామని పేజీ తెరిచాను. ఆధారం చూపాలి కదా, ఎదురింటి బాబాయి చెప్పాడంటే వికీపీడియాలో ఒప్పుకోరు.