తాటాకుల కట్ట, గంటం, కాకిబంగారం: ఒక ట్రంకుపెట్టెతో నా అనుభవం

కావలిలో మా ఇంటి దగ్గరున్న చిన్న లైబ్రరీలో సాయంత్రాలు పుస్తకాలు సర్దుతుంటాను. ఒకరోజు ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అటక మీది ట్రంకుపెట్టె తెచ్చిచ్చారు. తెరిస్తే ఎర్రగుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట, దాని మధ్యే దూర్చిన, ఆకు మీద రాసే ఇనుప గంటం, గూడూరు వైపు గనుల నాటి కాకిబంగారం (మైకా) రేకులు అట్టకు టేపుతో అంటించినవి, వాటన్నిటి మీదా గుప్పెడు కలరా ఉండలు.

దుమ్ము పోతుంది కదా అని మొదటి ఆకును తడిగుడ్డతో తుడిచాను. మసంతా గుడ్డకొచ్చేసింది, ఆకు మీద ఒక్క అక్షరం లేదు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. తాటాకులు చదవడం వచ్చిన ఒంగోలు పెద్దాయనకు ఫోన్ చేస్తే, "ఏందమ్మాయ్ అంత కంగారు, అక్షరం ఎక్కడికీ పోలా, టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడు" అన్నారు. చూస్తే నిజంగానే గీతలన్నీ ఉన్నాయి! గంటంతో ఆకును గీరి, ఆ గీతల్లో మసి పట్టిస్తారు కాబట్టి, మసి పోయినా రాత మిగిలింది. ఆయనే వచ్చి దీపం మసిని నిమ్మగడ్డి నూనెలో కలిపి ఆకుకు రుద్ది, పొడిగుడ్డతో తుడిస్తే అక్షరాలు నల్లగా తేలాయి. అదే సిరాతో రాసిన ఆకైతే నా తడిగుడ్డతోనే పోయేది, దానికి నూనె కూడా పూయకూడదట.

గంటం ఆనుకున్న ఆకుల మీద తుప్పు మరకలు పడ్డాయి, అవి పోలేదు. ఇనుమునీ ఆకునీ కలిపి పెట్టకూడదని అప్పుడర్థమైంది, అందులోనూ నవంబరు వానలకు గోడలే చెమ్మగిల్లే ఊళ్ళో. గంటాన్ని పొడిగా తుడిచి చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లంతో వేరే డబ్బాలో పెట్టాను. తడిస్తే రంగు దిగుతుందని ఎర్రగుడ్డ తీసేసి, గంజి పోయేదాకా ఉతికిన తెల్ల నూలుగుడ్డ చుట్టాను. ఆకులకన్నా కాస్త పెద్దవైన రెండు చెక్కపలకల మధ్య పెట్టి నూలు పట్టీతో కట్టాం, వంకర పోకుండా ఉండేంత బిగువు చాలు, ఆకుల రంధ్రాల్లోంచి గుచ్చిన దారం మాత్రం వదులుగానే ఉండాలి. పెట్టె ఆమ్లం లేని అట్టతో మేమే చేసుకున్నాం, మామూలు అట్టపెట్టెలోని ఆమ్లం లోపలి వస్తువును కూడా పాడుచేస్తుంది. కలరా ఉండలు పారేశాను, ఆ వాసన మనుషులకే మంచిది కాదు.

కాకిబంగారానికి పురుగు భయం లేదు గానీ, టేపు లాగితే దాంతోపాటు ఒక పొర ఊడొచ్చింది. మిగతా టేపులు ముట్టుకోలేదు, అట్టతో సహా పళ్ళెం లాంటి పెట్టెలో చదునుగా పెట్టాను. కింద స్పాంజి వేద్దామనుకున్నాను గానీ, అది కొన్నేళ్ళకు జిగురై పొడిపొడి అయిపోతుందని తెలిసి మానేశాను.

మూడూ ఇప్పుడు మూడు అరల్లో ఉన్నాయి. గంటం డబ్బా మీద "ఫలానా తాటాకుల కట్టలో దొరికింది" అనీ, కట్ట పెట్టె మీద గంటం ఏ అరలో ఉందో రాశాను. రిజిస్టర్‌లో మూడింటికీ ఎదురుగా ఆ ట్రంకుపెట్టె వచ్చిన తేదీ వేశాను.