ఓడు, ఓడు!

పోయిన ఏప్రిల్‌లో అత్తయ్య తెనాలి నుంచి మా ఇంటికి వచ్చారు. ఆదివారం పొద్దున్నే ఆవిణ్ణి కూడా బెంగళూరు సర్జాపుర రోడ్డులో పిల్లలు ఫుట్‌బాల్ ఆడే ప్లాస్టిక్ గడ్డి టర్ఫ్‌కి తీసుకెళ్లాను. మా అమ్మాయి బంతితో గోల్ వైపు పోతోంది. మైదానం గీత అవతల కోచ్ గొంతు చించుకుంటున్నాడు: "ఓడు, ఓడు!" అత్తయ్య ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అదేం పాడు నోరమ్మా! పిల్ల గెలుస్తుంటే ఓడు ఓడు అంటాడేమిటి?"

కన్నడంలో ఓడు అంటే పరిగెత్తమని. నీళ్లు తాగడానికొచ్చిన మనవరాలే రొప్పుతూ ఆ సంగతి చెప్పింది. "ఇక్కడ ఓడితేనే గెలుస్తాం నానమ్మా" అని ఒక ముక్క తగిలించి మళ్లీ ఉరికింది. కోపంగా లేచిన అత్తయ్య ఫొటో నా దగ్గరుంది. ఆ రోజు తీసినవాటిలో అదే బాగా వచ్చింది, కాకపోతే కొనేవాళ్లు లేరు.

రెండేళ్లుగా నా ఆదివారాలు ఇలాగే పిల్లల ఆట ఫొటోలు తీస్తూ గడుస్తున్నాయి. మొదట మా పిల్లనొక్కదాన్నే తీసేదాన్ని. పక్కవాళ్లు "మావాడిది కూడా ఒకటి" అనేవారు. ఊరికే ఇస్తే మొహమాటపడేవారు. చివరికి ఫొటోకి 150 రూపాయలని నేనే చెప్పేశాను. లెన్సు వాయిదాలు అలా తీరుతున్నాయి.

ఫొటో బాగుపడేది కంప్యూటర్ ముందు అనుకునేదాన్ని. సగానికి పైగా బాగుపడేది మైదానంలోనే, అదీ మోకాళ్లు నొప్పి పుట్టేదాకా కింద కూర్చుంటే. నిలబడి తీస్తే పిల్లల నడినెత్తీ పచ్చ తివాచీ పడతాయి. కూర్చుంటే మొహం పడుతుంది. షట్టర్ వేగం 1/1000 సెకను కంటే బాగా తగ్గిందా, కాళ్లు అలుక్కుపోతాయి. 70-200 జూమ్ లెన్సు కన్నుని ఎఫ్ 2.8 దాకా బాగా తెరిస్తే వెనక నిలబెట్టిన స్కూటర్లు, నీళ్ల ట్యాంకరు మసకలో కలిసిపోతాయి. బెంగళూరులో ట్యాంకరు కనబడని మూల వెతకడం కన్నా ఇది తేలిక.

రాత్రి ఆటలది ఇంకో బాధ. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది; ఊపుకి రెండుసార్ల చొప్పున కొన్ని ఫ్లడ్‌లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. వరసగా పది తీస్తే ఒకటి వెలుగు, ఒకటి చీకటి, ఇంకోటి కామెర్లొచ్చినట్టు పసుపు. యాంటీ ఫ్లిక్కర్ అనే ఏర్పాటు ఉన్న కెమెరా అయితే వెలుగు నిండుగా ఉన్న క్షణం చూసుకుని తీస్తుంది. అది నా కెమెరాలోనే ఉందని తెలియక ఒక టోర్నమెంటు ఫొటోలన్నీ ఒక్కొక్కటే సరిచేస్తూ రెండు రాత్రులు కూర్చున్నాను.

టర్ఫ్ మీద ఎండ పడి పైకి కొడితే పిల్లల గడ్డాల కింద పసరు పూసినట్టు ఉంటుంది. ఆ ఆకుపచ్చ ఛాయని చర్మం మీద మటుకు తగ్గించాలి. 8×12 అంగుళాల ప్రింటుకి 2400×3600 చుక్కలు ఉంటే నాణ్యంగా వస్తుంది, కాబట్టి ఇష్టమొచ్చినట్టు కత్తిరించకూడదు. వాట్సాప్‌లో డాక్యుమెంటుగానే పంపాలి, లేకపోతే పడ్డ కష్టమంతా నలిగిపోతుంది. అందరి పిల్లలనీ గ్రూపులో పెట్టను. ఎవరి పిల్లలవి వాళ్లకే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లందర్నీ పిల్లలుగానే లెక్కేసి, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అంగీకారం కావాలంటోంది. చట్టం లేకపోయినా, ఏడుస్తున్న గోల్‌కీపర్ని నలభై ఫోన్లలోకి ఎక్కించడం ఏం పద్ధతి?

అత్తయ్య వచ్చిన ఆ వారమే ఒక నాన్నగారు ఫోన్ చేశారు. మాది తెలుగని తెలియగానే గొంతులో చనువొచ్చింది. "మనవాళ్లే కదా అని అడుగుతున్నా మేడమ్, మావాణ్ణి కొంచెం తెల్లగా చేస్తారా? ఊళ్లో అమ్మవాళ్లకి పంపాలి."

తెల్ల జెర్సీ ఎక్కువున్న ఫొటోలో కెమెరా మోసపోయి మొత్తం చీకటి చేస్తుంది. ఆ నీడలోంచి మొహాన్ని బయటికి లాగడం కెమెరా తప్పు దిద్దడమే. అక్కడితో ఆగాలి. ఆ రాత్రి ఆగలేదు. తెర మీద తెలుపు పెంచే బొత్తాన్ని ఇంకొంచెం, ఇంకొంచెం అని జరుపుతుంటే వెనక నుంచి మా అమ్మాయి వంగి చూసింది.

"అమ్మా, వీడు ఇలా ఉండడు కదా?"

"వాళ్ల నాన్నగారు అడిగారే."

కాసేపు తెర వైపే చూసి అడిగింది: "నానమ్మకి పంపేవి కూడా ఇలాగే చేస్తావా?"

చేసేదాన్ని. ప్రతి వీడియో కాల్‌లోనూ "పిల్ల నల్లబడిపోయిందే, ఎండలో తిప్పకమ్మా" అని వినీ వినీ, పంపే ముందు కొంచెం కొంచెం జరపడం అలవాటైంది. అబద్ధమాడదామని నోరు తెరిచాను గానీ, పదకొండేళ్ల పిల్లకి ఆ జరిపే బొత్తాం ఎక్కడుందో కూడా తెలుసు. "అవును" అన్నాను. అది ఏమీ అనకుండా వెళ్లి పడుకుంది.

ఆయనకి నీడ మాత్రమే సరిచేసిన ఫొటో పంపి, రంగు మార్చలేదని రాశాను. మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నాలుగో రోజు 150 వచ్చింది, మాట రాలేదు.

అత్తయ్య ఊరెళ్లే ముందు ఆ ఆదివారం నాటి ఫొటో ఒకటి 8×12 ప్రింటు వేయించి ఇచ్చాను. మోకాలి మీద రబ్బరు పొడి, మొహం నిండా చెమట. రంగు జోలికి పోలేదు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. చీరల మడతల మధ్య పెట్టి పెట్టె మూస్తూ, "బాగా నల్లబడ్డావే" అన్నారు.

"ఎండలో ఓడాను కదా నానమ్మా" అంది మా అమ్మాయి.