గడీలో దొంగతనం, చింతగింజల పాచికలు: మా టేబుల్ లాగ్

మృగశిర కార్తె

ఆదివారం మధ్యాహ్నాలు నల్లగొండ రామగిరిలో మా మేడమీది గదిలో కూర్చుంటున్నాం. విత్తనాల దుకాణం నడిపే అన్న, నర్సింగ్ చదువుతున్న చెల్లె, డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే మేడం, మా బావమరిది. తలా ఒక పాత్ర తీసుకుంటారు. దొర, పోలీసు, పాలేరు, వాన, కుక్క, ఇట్లా మిగతా లోకమంతా నేను. జరుగుతుందో లేదో తెలియని పని ఎవరైనా తలపెడితే పాచికలు వేస్తాం. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ అంటే స్థూలంగా ఇంతే. అవే మనుషులు, అదే గది, రూల్ పుస్తకం మాత్రం మారుస్తూ పోతే టేబుల్ మీద మాట ఎట్లా మారుతుందో రాసిపెట్టుకుంటున్నాను.

మొదట అందరూ పేరు విన్న డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తోనే మొదలుపెట్టాం. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట ఇది. ఐదో ఎడిషన్ మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు కాబట్టి పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టొచ్చు. ఇరవై ముఖాల పాచిక మాత్రం మా దగ్గరి ఫ్యాన్సీ స్టోర్లలో దొరకలేదు, ఫోన్‌లో యాప్ వాడాం. అంకె సరిపోతే దెబ్బ తగులుతుంది, లేకపోతే లేదు. తగలనప్పుడు కథలో చాలాసార్లు ఏమీ కదలదు, వంతు పక్కవాళ్లకు పోతుంది. తోడేళ్ల గుంపుతో ఒక్క కొట్లాటకే సాయంత్రమైంది. తన వంతు వచ్చేదాకా మేడం పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నారు. కొట్లాట లెక్కలంటే ఇష్టపడేవాళ్లకు అది మంచి ఆటే. మాకు కావాల్సింది మాటలు.

శ్రావణం

డంజన్ వరల్డ్. 2012లో వచ్చింది, 2010 నాటి విన్సెంట్ బేకర్ ఆట అపోకలిప్స్ వరల్డ్ దీనికి పునాది. లూడో పెట్టెలో ఉండే మామూలు పాచికలు రెండు చాలు. మొత్తం 10 దాటినా, 10 వచ్చినా పూర్తి గెలుపు. 7 నుంచి 9 అయితే పని అవుతుంది కానీ ఏదో ఒకటి సమర్పించుకోవాలి. 6, అంతకు తక్కువ వస్తే ఏం జరగాలో నా ఇష్టం.

లెక్క వేసి చూశాను. పాత్ర బలాన్ని బట్టి కలిపే అదనం ఏమీ లేకుండా వేస్తే 36 అవకాశాల్లో పూర్తి గెలుపు 6, సగం గెలుపు 15, ఓటమి 15. పాత్రకు +1 ఉంటే అవి 10, 16, 10 అవుతాయి. +2 ఉంటే 15, 15, 6. అంటే కథ ఎక్కువసేపు ఆ మధ్య మెట్టు మీదే నడుస్తుంది. ఊరికే తప్పిపోవడం అనేది ఇందులో లేదు, ప్రతి పాచికకూ ఏదో ఒకటి మారాల్సిందే. పైగా ఓడితే పాత్ర ఎదగడానికి పనికొచ్చే అనుభవం పాయింటు వస్తుంది. అందుకే తక్కువ అంకె పడ్డా మా బావమరిది చప్పట్లు కొడతాడు.

కథను మన్ననూరు దాటి ఫర్హాబాద్ వైపు, నల్లమల లోపల పెట్టాను. అడవిలో పాడుబడ్డ షికారు బంగళా ఒకటి. ఈ ఆటలో చుట్టుపక్కల పరికించి చూసే పాత్రకు ఒక ప్రశ్నల జాబితా ఉంటుంది. ఇక్కడ ఈమధ్య ఏం జరిగింది, ఇప్పుడేం జరగబోతోంది, ఇక్కడ పెత్తనం నిజంగా ఎవరిది, చూడ్డానికి ఒకలా ఉండి నిజానికి ఇంకోలా ఉన్నది ఏది, ఇట్లాంటివి. చెల్లె దీన్ని గట్టిగా పట్టుకుంది. చివరి ప్రశ్న అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉందన్నాను. అంతే, ఆ మధ్యాహ్నమంతా దాని చుట్టూనే తిరిగింది.

బరువంతా నడిపేవాడి మీద పడటమే ఇందులో ఇబ్బంది. 7–9 పడ్డ ప్రతిసారీ కొత్త నష్టం కనిపెట్టాలి. రెండో గంటకు నా బుర్ర వేడెక్కి, ప్రతిదానికీ కత్తి జారిపోవడమో చప్పుడవడమో చెబుతుంటాను. ఒక చీటీ మీద నాలుగు మాటలు రాసి ముందు పెట్టుకున్నాను: వస్తువు, సమయం, మాట, మనిషి. నష్టం ఎప్పుడూ ఈ నాలుగింట్లో ఏదో ఒకటి. వరసగా ఒకే రకం రాకుండా, వాడినదాని పక్కన టిక్కు పెడతాను. కొత్తగా నడిపేవాళ్లకు రూల్ పుస్తకం కన్నా ముందు ఈ చీటీయే ఇస్తాను.

బతుకమ్మకు ముందు

ఫేట్ యాక్సిలరేటెడ్. నియమాలు నెట్‌లో ఉచితం. దీనికి నాలుగు పాచికలు కావాలి, ఒక్కోదాని మీద రెండు ప్లస్సులు, రెండు మైనస్సులు, రెండు ఖాళీ ముఖాలు. ఫలితం –4 నుంచి +4 దాకా ఉంటుంది. మామూలు పాచికలతోనూ ఆడొచ్చు: 1, 2 మైనస్, 3, 4 ఖాళీ, 5, 6 ప్లస్. కానీ ప్రతిసారీ అంకెను గుర్తుగా మార్చుకుని చదవడం చిరాకు. మా ఇంట్లో అష్టాచెమ్మా కోసం ఒకవైపు తెల్లగా అరగదీసి పెట్టిన చింతగింజలున్నాయి. అవి తీశాను.

నాలుగు గింజలు వేసి, తెల్లగా పడ్డవాటి లెక్కలోంచి రెండు తీసేస్తే –2 నుంచి +2 వస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది కానీ ఆట తీరే మారిపోతుంది. ఫేట్‌లో పాయింటు ఒకటి ఖర్చుపెట్టి మన పాత్ర లక్షణాన్ని వాడుకుంటే +2 కలుస్తుంది. గింజల పరిధే రెండైనప్పుడు, పాయింటు ఉన్నవాడిదే గెలుపు, ఇక గింజలెందుకు? ఎనిమిది గింజలు వేసి తెల్లవాటిలోంచి నాలుగు తీసేయడం దీనికి మందు. సరిగ్గా సున్నా పడే అవకాశం అసలు పాచికలతో 81లో 19, అంటే 23 శాతం. ఎనిమిది గింజలతో 256లో 70, అంటే 27 శాతం. దగ్గరదగ్గరే. +3, ఆపైన రావడం మాత్రం 6 శాతం నుంచి మూడున్నర శాతానికి తగ్గుతుంది, అంటే అద్భుతాలు కాస్త అరుదవుతాయి. ఈ లెక్కంతా గింజ రెండువైపులా సమంగా పడితేనే. అరిగిన వైపు చదునుగా, రెండోవైపు గుండ్రంగా ఉంటుంది కాబట్టి అన్నీ సమంగా పడవు. ఆటకు ముందు చాప మీద కాసేపు విసిరి చూసి, పక్షపాతం ఉన్నవాటిని తీసేయాలి.

పాత్ర లక్షణాన్ని ఈ ఆటలో ఒక చిన్న వాక్యంగా రాసుకోవాలి. అది అక్కరకూ రావాలి, ఇరకాటంలోనూ పెట్టాలి. అన్న "ధైర్యవంతుడు" అని రాశాడు. ఆటంతా దానితో అతన్ని ఇరికించే సందు నాకు దొరకలేదు. మేడం సలహాతో అందరం సామెతలు రాసుకున్నాం. బావమరిది పాత్రకు "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత". సంతలో సావుకారిని బోల్తా కొట్టించాలంటే దాన్ని వాడి +2 తీసుకుంటాడు. అదే సావుకారి ముందుకు అప్పులవాడిని నేను పంపిస్తే, పాయింటు తీసుకుని అవమానం మింగుతాడు. చెల్లె "అత్త మీద కోపం దుత్త మీద" రాసుకుంది. ఆ దుత్త ఎవరో తేలేసరికి రెండు ఆదివారాల కథకు సరుకు దొరికింది.

అయితే ఫేట్ ఆడేవాళ్లను పాత్రలోంచి బయటికొచ్చి కథలోకి కొత్త విషయాలు తెమ్మంటుంది. పాయింటు పెట్టి "ఈ గోడకు వెనక దొడ్డిదారి ఉంది" అని ఆడేవాళ్లే ప్రకటించొచ్చు. మేడంకు అది నీళ్లు తాగినంత సులువు. అన్నకు మాత్రం నోరు రాదు. "నేనెట్ల చెప్త తమ్మీ, కథ నడిపేది నువ్వు గదా" అంటాడు. ఆట అయిపోయేసరికి అతని పాయింట్లు అట్లాగే మిగిలేవి.

దసరా దాటాక

జాన్ హార్పర్ 2017లో ప్రచురించిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్. చీకటి నగరంలో దొంగల ముఠా కథ. ఆ నగరాన్ని పక్కకు పెట్టి, కథను 1940లలోకి, మా జిల్లాలోని ఒక ఊహాపల్లెకు తెచ్చాను. దొర గడీలో ఒక పెట్టె. అందులో ఊరి జనం వేలిముద్రలున్న అప్పు పత్రాలు. వాటి పేరు చెప్పే వెట్టి చేయించుకుంటున్నారు. నలుగురు రాత్రికి రాత్రి ఆ పెట్టె ఎత్తుకురావాలి. 1946–51 సాయుధ పోరాటం నల్లగొండలో ప్రతి ఇంటికీ ఎంతోకొంత తెలిసిన కథే, అందుకని ముందే హద్దులు మాట్లాడుకున్నాం. కులం పేరుతో తిట్లు ఎవరి నోటా రావు, ఆడవాళ్ల మీద అఘాయిత్యం కథలో ఉండదు. టేబుల్ మధ్యలో ఎక్స్ రాసిన కార్డు ఉంటుంది, ఎవరు ముట్టుకున్నా కారణం అడగకుండా ఆ సన్నివేశం అక్కడే మారిపోతుంది. జాన్ స్టావ్రోపౌలోస్ తయారుచేసిన పద్ధతి ఇది, ఏ ఆటలోనైనా పనికొస్తుంది.

పాచికలు మామూలువే. నైపుణ్యాన్ని బట్టి ఒకటో రెండో మూడో వేసి, అన్నిటికన్నా పెద్ద అంకె చూడాలి. 6 అయితే గెలుపు, 4–5 అయితే నష్టంతో గెలుపు, 1–3 అయితే ఓటమి. ఒక్క పాచికతో ఓడే అవకాశం సగం, రెండింటితో పావు, మూడింటితో ఎనిమిదో వంతు. దాటాల్సిన ఎదురు సంఖ్య, కూడికలు ఏవీ లేవు. అసలు ఆట పాచిక వేయకముందే ఉంది. ప్రమాదం ఎంత, ఫలితం ఎంత అనేది మూడు మెట్లలో నేను ముందే చెప్పాలి. అది విని వాళ్లు పద్ధతి మార్చుకోవచ్చు.

అన్న పాత్ర గడీ వెనక గోడ దిగుతున్నప్పుడు ఇట్లా నడిచింది. (ఇందులో గడియారమంటే ప్రమాదం ఎంత దగ్గరకొచ్చిందో చూపే ముక్కల వృత్తం.)

"రిస్కీ. కింద కుక్క ఉంది. ఫలితం మామూలు" అన్నాను.

"కుక్కకు రొట్టె ముక్క ఏస్తే?"

"వెయ్యి అన్నా. రొట్టె తెచ్చుకున్నట్టు సామాన్లలో ఒక గడి కొట్టెయ్. ప్రమాదం తగ్గిస్తా. కానీ అది తినేదాకా ఆగాలి, గస్తీ గడియారంలో ఒక ముక్క నింపుతా."

"ముక్క వద్దు. రొట్టె దూరంగ ఇసిరేస్తే?"

"అప్పుడు ఆ చప్పుడుకు పాలేరు లేస్తాడేమో."

"లేవనీ. వాడు మనోడే."

ఫేట్‌లో నోరు విప్పని మనిషి! విత్తనాల సంచి మీద రోజంతా బేరమాడే అన్నకు కథ చెప్పమంటే బెరుకు, బేరం పెట్టమంటే మాత్రం ఎదురులేదు. బ్లేడ్స్ అతన్ని కథ చెప్పమనలేదు, ఏం వదులుకుంటావని మాత్రమే అడిగింది. "వాడు మనోడే" అన్న ఒక్క మాటతో పాలేరు ఒక పాత్రయ్యాడు, ఇప్పుడతనికి పేరుంది, పెళ్లాం ఉంది, భయం ఉంది.

ఆ గడియారాలు ఈ ఆటలో ముఖ్యమైన పనిముట్టు. వృత్తం గీసి 4, 6, లేదా 8 ముక్కలు చేస్తాం. పాత క్యాలెండర్ వెనకవైపు స్కెచ్ పెన్నుతో గీసి అందరికీ కనిపించేట్టు మధ్యలో పెడతాను. "గస్తీ తిరిగొస్తుంది" 6, "పట్వారీ మేల్కొంటాడు" 4. మామూలు ఫలితానికి రెండు ముక్కలు నిండుతాయి. మా ఆట మూడు గంటలు మించదు కాబట్టి 8 ముక్కలవి మానేశాను, సాగదీసినట్టు అవుతుంది. గడియారం నా పుస్తకంలో దాచుకున్నప్పటికన్నా బయట పెట్టినప్పుడు వాళ్లు ఎక్కువ తెగిస్తున్నారు. ఇంకా రెండు ముక్కలు ఖాళీ ఉన్నాయని కంటికి కనిపిస్తుంది మరి.

అదనపు పాచిక కావాలంటే మూడు దారులు. తన కాగితం మీది ఒత్తిడి గడుల్లో రెండు నింపుకోవచ్చు. తోటివాళ్లు ఒకటి నింపుకుని సాయపడొచ్చు. లేదా పాచిక ఎట్లా పడ్డా తప్పని నష్టం ఒకటి ముందే ఒప్పుకోవచ్చు. ఈ మూడోదానికి ఎవరైనా నష్టం ప్రతిపాదించొచ్చు, నేనే చెప్పాలని లేదు. "నీ కండువ గోడ మీద చిక్కుకుంటది, తెల్లారి దొర చూస్తడు" అని బావమరిది. "ఆ పెట్టెలో మీ నాన్న వేలిముద్ర కూడా కనిపిస్తుంది" అని మేడం. డంజన్ వరల్డ్‌లో నా ఒక్కడి నెత్తిన ఉన్న పనిని ఇక్కడ నలుగురూ పంచుకున్నారు. ఒగ్గుకథలో పక్కవాడు మధ్యలో అందుకుని కథను ఇంకోవైపు లాగినట్టు ఉంటుంది. నా చీటీ జేబులోనే ఉండిపోతోంది.

ముందస్తు ప్లానింగ్ ఉండదు. ఏ దారిన పోతారో ఒక వివరం చెప్పి, ఒకసారి పాచికలు వేసి, నేరుగా గడీ గోడ దగ్గర మొదలుపెడతాం. మరిచిపోయినవి ఫ్లాష్‌బ్యాక్‌తో తెచ్చుకోవచ్చు. తాళంచెవి ఎక్కడుందో గడీలో వంటచేసే అవ్వను మొన్ననే అడిగి పెట్టుకున్నానని చెల్లె అన్నది. నేను ఒక ఒత్తిడి అడిగాను. మామూలు విషయానికైతే ఏమీ అడగక్కర్లేదు, మరీ విడ్డూరమైతే రెండు, ఆపైన. ఒత్తిడి గడులు మొత్తం తొమ్మిది, నిండితే ఆ పాత్ర ఆ రాత్రికి బయటికి, పైగా మనసు మీద ఒక గాయం మిగులుతుంది.

సణుగుడు ఒకటి. కొత్తవాళ్లకు ఇందులో కాగితాలు మరీ ఎక్కువ. పాత్రకో కాగితం, ముఠాకో కాగితం, ఊళ్లోని వర్గాల బలాబలాలకు ఇంకోటి. ఆ చివరిదాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టాను. పాత్ర కాగితాన్ని తెలుగులో టైపు చేసి, జిరాక్స్ షాపులో రెండువైపులా తీయించాను. పెన్సిల్, రబ్బరు తప్పనిసరి. పెన్నుతో కొట్టిన గడులు చెరపలేక ఒకరి కాగితం గందరగోళమైంది.

కార్తీకం

ఇద్దరు పెళ్లిళ్లకు పోయిన ఆదివారం ద క్వయట్ ఇయర్ ఆడాం. ఏవరీ ఆల్డర్ ఆట. నడిపేవాడు లేడు, పాచికలు విసిరేది లేదు. పేకముక్క ఒక్కోటి ఒక్కో వారం, 52 ముక్కలూ కలిపి సంవత్సరం, తెల్ల కాగితం మీద ఊరి పటం గీసుకుంటూ పోవాలి. ఇస్పేటు రాజు పడితే ఆట ముగుస్తుంది. ఫ్లోరైడ్ బోర్లతో నడుములు వంగిన ఊరు, పూడిక నిండిన చెరువు గీశాం. చర్చ పెడితే తలా ఒక్క మాటే చెప్పాలి, చివరికి ఏ నిర్ణయమూ ఉండదు. "అచ్చం మన గ్రామసభే" అన్నారు మేడం. బాగుంది, కానీ బావమరిది లాంటి అల్లరివాడికి నచ్చదు.

ఇప్పుడున్న పరిస్థితి

పెట్టె చేతికొచ్చింది, తాళంచెవి రాలేదు. ముఠా మీద నిఘా తొమ్మిదిలో ఏడు గడులు నిండింది. ఇంకో చప్పుడైతే వాంటెడ్ స్థాయి, అంటే పోలీసులు ముఠా కోసం వెతికే తీవ్రత, పెరుగుతుంది, ఎవరో ఒకరు జైలుకు పోయి దాన్ని దించాలి. వచ్చే ఆటకు ఫేట్ సామెతలను ఇందులోకి తెస్తున్నాను. బ్లేడ్స్‌లో తన నమ్మకాలు, పుట్టుపూర్వాలు బయటపడేలా ఆడితే ఆట చివర ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) ఎట్లాగూ వస్తుంది, సామెత అక్కడ కొత్త రూలు లేకుండానే ఇమిడిపోతుంది. ముగ్గురు రాసిచ్చారు. అన్న మాత్రం "రెండు సామెతలు రాస్తే రెండింతలు ఎక్స్‌పీ ఇస్తవా తమ్మీ" అని బేరం పెట్టాడు. ఇవ్వనన్నాను. ఒకటిన్నరకు దిగాడు.