విభూతి యోగం నేర్చుకున్నాను, 36వ శ్లోకం దగ్గర ఆగిపోయాను

మొన్న గీతా జయంతి పోటీలో భగవద్గీత పదో అధ్యాయం విభూతి యోగం, 42 శ్లోకాలూ పుస్తకం ముట్టకుండా అప్పజెప్పాను. మా ఇంట్లో ఆడవాళ్లలో ఒక అధ్యాయం మొత్తం నోటికి వచ్చింది నాకే. ఆ సంతోషం ఉంది. పోటీ హాల్లో జరిగినదానికి మంట కూడా ఇంకా తగ్గలేదు. ఈ అధ్యాయం నేర్చుకోవాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

క్లాసులో చేరడం తేలికే. రాజమండ్రిలో మా వీధి చివరి గుళ్లో సాయంత్రం పూట, ఫీజు లేదు. గురువుగారు సంత చెప్తారు, అంటే ఆయన అన్నది మనం రెండేసి సార్లు అనాలి. ఫోన్లో రికార్డు చేసుకోనిచ్చారు. మొదటి శ్లోకాలు సాఫీగా వచ్చేశాయి. 17వ శ్లోకంలో అర్జునుడు "కేషు కేషు చ భావేషు చింత్యోఽసి భగవన్ మయా" అంటాడు. స్వామీ, నిన్ను ఏయే వాటిలో తలుచుకోను అని. ఇన్నేళ్లుగా పూజగదిలో కూర్చుని నేను అడగాలనుకున్నది అదే.

21 నుంచి 38 దాకా కృష్ణుడి జవాబు, దాదాపు అన్నిట్లో "అస్మి", "అహం", అంటే ఫలానాది నేను అని. అక్కడే అందరికీ కలగాపులగం అయిపోతుంది. 30లో "కాలః కలయతామహం", 36లో "ద్యూతం ఛలయతామస్మి". నాలుక అటూ ఇటూ అయిందా, మధ్యలో ఉన్నవన్నీ ఎగిరిపోతాయి. అందుకని నేను ఒక్కో విభూతిని, అంటే స్వామి తన వైభవంగా చెప్పుకున్న ఒక్కోదాన్ని, దాని ఎదుటే చదివాను. "జ్యోతిషాం రవిరంశుమాన్" పొద్దున్నే డాబా మీద ఎండ తగిలే వేళకి. "అశ్వత్థః సర్వవృక్షాణాం" గుడి వెనక రావిచెట్టు కింద. "స్రోతసామస్మి జాహ్నవీ" పుష్కరాల రేవు మెట్ల మీద. గంగ అని చెప్పినచోట గోదావరిని చూస్తే ఎలా అని క్లాసులో ఒకావిడ అన్నారు. జవాబు 41లోనే ఉంది: ఎక్కడ వైభవం, శోభ, బలం కనిపించినా అది నా తేజస్సులో ఒక అంశమని తెలుసుకో అన్నాడు. వరద రోజుల్లో ఎర్రటి నీళ్లతో గోదారి మెట్లు ఒక్కొక్కటే మింగుతూ పైకొస్తుంటే చూసినవాళ్లకి ఆ శ్లోకం వేరే చెప్పక్కర్లేదు.

ఇక 36. "మోసం చేసేవాటిలో జూదాన్ని నేను" అంటున్నాడు. నాకిది చదివేసి దాటిపోయే శ్లోకం కాదు. మా అన్నయ్యది కోనసీమ. సంక్రాంతి బరుల్లో కోడిపందేలతో మొదలై గుండాట, కోతాట దాకా వెళ్లాడు. కొబ్బరితోట పోయింది, వదిన మెడలో పసుపుతాడు మిగిలింది. ఆ ఇంటిని అలా చేసిన జూదంలో కూడా స్వామి ఉన్నాడా? గురువుగారిని అడిగాను. "అర్థాలు తర్వాతమ్మా, ముందు కంఠతా పట్టండి" అన్నారు. ఇంకోసారి అడిగితే ముఖం చిట్లించారు. కంఠతా పట్టినవాడికి ప్రశ్న రాకూడదా? గీత పుట్టిందే అర్జునుడి ప్రశ్నల మీద.

పోటీ రోజున అధ్యాయం ఎక్కడా తడబడకుండా అయిపోయింది. తర్వాత అర్థం అడుగుతారు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన చీటీ తీస్తే అదే శ్లోకం వచ్చింది. "జూదానికుండే శక్తీ తనదేనంటున్నాడండీ. ఎందుకన్నాడో మీ వంటి పెద్దలు చెప్తే వినాలని ఉంది" అన్నాను. ఆయన మైకు దగ్గరికి లాక్కుని, "అయితే సంక్రాంతికి బరుల్లో కూర్చునేవాళ్లంతా యోగులేనన్నమాట!" అన్నారు. హాలంతా గొల్లున నవ్వింది. ముందు వరసలో మా అన్నయ్య సంగతి తెలిసినవాళ్లు కూర్చుని ఉన్నారు. నేను నిలబడే ఉన్నాను, టైము చూసే కుర్రాడు గంట కొట్టేశాడు. మార్కుల కాగితంలో అర్థానికి సున్నా. ఆయనకి జవాబు తెలిసి ఉంటే చెప్పేవారు, నవ్వించేవారు కాదు. ఇది నేను ఎక్కడైనా అంటాను.

వెనక వరసలో కూర్చున్న ఒక పిన్నిగారు, రిటైరైన తెలుగు టీచరు, బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుని "రేపు మా ఇంటికి రా" అన్నారు. వెళ్లాను. శంకర భాష్యం, అంటే గీతకి ఆదిశంకరులు రాసిన వ్యాఖ్యానం, తీసి చూపించారు. శంకరులు ఏమీ దాచలేదు, పాచికలాట వంటిదే అని సూటిగా రాశారు. "ఈ మాట ఎవరితో అంటున్నాడో చూశావా?" అన్నారు పిన్నిగారు. పాచికల్లో అన్నగారు తనని ఒడ్డితే దాసుడైనవాడితో. భార్యని సభకి ఈడ్చుకొస్తుంటే చూసినవాడితో. 12 ఏళ్లు అడవుల్లో, ఒక ఏడు అజ్ఞాతవాసంలో గడిపినవాడితో. "ఇప్పుడు వెంటనే 37 చదువు" అన్నారు. చదివాను: "వృష్ణీనాం వాసుదేవోఽస్మి పాండవానాం ధనంజయః". పాచికలూ తనే, ఆ పాచికల్లో సర్వం పోయిన అర్జునుడూ తనే. పక్కపక్క శ్లోకాల్లో.

నాకు ఒళ్లు జలదరించింది. అంతకాలం నోటితో అంటూనే ఉన్నాను, ఆ రెండూ పక్కపక్కన ఉన్నాయని ఒక్కరూ చూపించలేదు. వజ్రాయుధం, వాసుకి, సింహం, అన్నిటినీ హరించే మృత్యువు, ఇవీ ఈ అధ్యాయంలో విభూతులే. "సింహాన్ని నేనన్నాడని బోనులో చెయ్యి పెట్టమని కాదు కదే" అన్నారామె. ఆ బలానికి దణ్ణం పెట్టి, దూరంగా ఉండమని. అన్నయ్య ఆడింది ధర్మమని నేను ఎప్పటికీ అనను. కానీ ఆ ఇంట్లో దేవుడు లేకుండాపోయాడని ఇన్నేళ్లు కుమిలిపోయాను. తోట పోయాక ఇద్దరు పిల్లల్ని టైలరింగ్ మీద చదివించిన వదిన ఉందే, "ధృతిః క్షమా", ధైర్యం, ఓర్పు అని 34లో చెప్పింది ఆవిడ గురించే. ఆ ఇంట్లో ఇప్పుడు నాకు 36, 34 రెండు శ్లోకాలూ కనిపిస్తాయి.

మనవాళ్లు గీతని వైకుంఠరథం మైకులో తప్ప వినరు. ఇంట్లో పెడితే "ఎవరు పోయారు?" అని పక్కింటివాళ్లు తొంగిచూస్తారు. బతికున్న మనిషికి, యుద్ధం ముందు పెట్టుకుని నిలబడ్డవాడికి చెప్పిన మాటలండీ అవి.

నేర్చుకునేవాళ్లు పదవిభాగం ఉన్న, పెద్దక్షరాల పుస్తకం కొనుక్కోండి. చేరే ముందే ప్రశ్నలు అడగనిస్తారా అని కనుక్కోండి, అడగనివ్వకపోతే సంత వరకు అక్కడ చెప్పించుకుని అర్థానికి ఇంకొకరిని వెతుక్కోండి. పోటీలకి వెళ్లకపోయినా నష్టం లేదు. 20వ శ్లోకం, "అహమాత్మా గుడాకేశ", అందరి హృదయాల్లో ఉన్న ఆత్మని నేనే అన్నది, బాగా పట్టుబడ్డాకే జాబితాలోకి దిగండి.

నేను పదకొండో అధ్యాయం మొదలుపెట్టాను, 55 శ్లోకాలు. ఈసారి సంత, అర్థం రెండూ పిన్నిగారి దగ్గరే.