చంద్రగిరి మీది కోటలో దొన

తిరుపతిలోనే పుట్టి పెరిగినా, చంద్రగిరి కోటంటే నాకు రాజమహల్, రాణిమహల్, ముందరి పచ్చిక అంతే. బడిలో తీసుకుపోయింది అక్కడికే, చుట్టాలొస్తే మేం తీసుకుపోయేదీ అక్కడికే. వెనక కొండ మీద ఇంకో కోట ఉందని మా నాయన చెప్పాడు. చంద్రగిరిలో చదువుకునే రోజుల్లో స్నేహితులతో ఎక్కేవాడంట.

"పైన బండలో దొన ఉంటాది. ఎండాకాలంలో కూడా నీళ్లుండేవి. ఇప్పుడుండాయో లేదో" అన్నాడు పోయిన సంక్రాంతికి. మోకాళ్ల నొప్పులతో ఆయన ఎక్కలేడు. నేను చూసొస్తానని మాటిచ్చాను.

మొదటిసారి శుక్రవారం పోయాం. ఆ రోజు మ్యూజియానికి సెలవు, కొండ దారి కూడా మూసేశారు. రెండోసారి ముందే కనుక్కుని, నేనూ తమ్ముడూ పొద్దున్నే బయల్దేరాం. నాయనను కూడా తీసుకుపోయి కింద చెట్టు నీడలో కూర్చోబెట్టాం. కాపలా ఉండే పెద్దాయన మా చెప్పుల వైపు, నీళ్ల సీసాల వైపు చూసి, "ఎక్కేది సులభమే సామీ, దిగేటప్పుడే ఉండేది కష్టం. ఎండెక్కక ముందే వచ్చేయండి" అన్నాడు. పోవాలనుకునేవాళ్లు ముందు అడిగే పోండి. ఆ దారి ఎప్పుడూ తెరిచి ఉంటుందని అనుకోవద్దు.

కాసేపటికే మెట్ల ఆనవాళ్లు పోయి బండలు మొదలయ్యాయి. సీతాఫలం చెట్లు, ముళ్లకంపలు దారికి అడ్డం. తమ్ముడు ముందు నడిచి కొమ్మలు పట్టుకుంటే నేను వంగి దాటాను. ఒక మలుపు దగ్గర గోడ చేతికందింది. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. కింద రాజమహల్‌లో ఇటుక, రాయి, సున్నం కనిపిస్తాయి, కొయ్య అసలు వాడలేదు. ఇక్కడ సున్నం కూడా లేదు. ఒక రాయి వంపులో ఇంకో రాయిని ఒదిగించి పేర్చుకుంటూ పోయారు. కొండ బండ అడ్డమొచ్చిన చోట దాన్నే గోడలో కలుపుకున్నారు. కొండ ఎక్కడ అయిపోయిందో కోట ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. ఆ రాళ్లెత్తినవాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ కనపడవు. నాకు రాయల కంటే వాళ్లే ఎక్కువ గుర్తొచ్చారు.

పైన మిగిలింది తక్కువే. కూలిన గోడలు, మొండి పునాదులు, గాలి. అయితే ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. ఉత్తరాన శేషాచలం కొండలు గోడలాగా ఉన్నాయి. తూర్పున తిరుపతి. కింద స్వర్ణముఖి, ఆ పక్కన పొలాలు. లోయలోకి ఎవరొచ్చినా ఇక్కడివాళ్ల కళ్లలో పడాల్సిందే. 1565 తళ్లికోట యుద్ధంలో ఓడి విజయనగరం పోయాక, రాయల రాజధాని ముందు పెనుకొండకు, తర్వాత ఇక్కడికి చేరింది. 1639లో చెన్నపట్నం (ఇప్పటి చెన్నై) నేలను ఆంగ్లేయులకిచ్చిన దామెర్ల వెంకటాద్రి కూడా చంద్రగిరి రాయల కింది నాయకుడే.

నది ఆ రోజు ఇసుకే ఎక్కువ, నీళ్లు తక్కువ. 2021 నవంబరులో ఇదే స్వర్ణముఖి పొంగి ఊళ్లను ముంచింది. ఆ వారమంతా మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పైనుంచి చూస్తే ఆ నదేనా అనిపించింది.

తిరుమల కొండల వైపు తిరిగి నిలబడ్డాను. స్వామికి నైవేద్యమయ్యాక కొట్టిన గంట, మంటపం నుంచి మంటపానికి అందుకుంటూ ఇక్కడిదాకా వినిపిస్తేనే రాయలు అన్నానికి కూర్చునేవాడని మా అవ్వ చెప్పేది. ఆ కథ మీద నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఇక్కడ గాలి వింటుంటే ఆ ఇష్టం ఇంకా పెరిగింది.

దొన మాకు వెంటనే దొరకలేదు. తమ్ముడు రెండు చోట్ల వెతికి, మూడోచోట కేకేశాడు. బండ గుంటలో మోకాలి లోతు నీళ్లు, పైన పాచి, అంచున ఏదో పిట్ట. ఫొటో తీశాను. పాచిని పక్కకు తోసి చేయి పెట్టాను. చల్లగా ఉంది.

దిగేటప్పుడు పెద్దాయన చెప్పిందే నిజమైంది. కంకర జారుతుంటే రెండుచోట్ల కూర్చుని దిగాం. ఎక్కినదానికంటే ఎక్కువసేపు పట్టింది.

నాయన ఫోను తీసుకుని ఫొటోను వేళ్లతో పెద్దది చేసుకుని చూశాడు. "ఈ పక్కన ఒక బండ ఉండాల, దాని మీద కూర్చుని బొరుగులు తినేవాళ్లం. అది తీయలేదా?" అన్నాడు.

తీయలేదు. మళ్లీ పోవాలి.